రెక్కల్లేని విమానం నేలకు దిగిన రోజు

నేను ఒక మనిషికి అబద్ధం చెప్పాను. రెండు మాటల అబద్ధం. చెప్పడానికి ఒక్క గుక్క ఊపిరి కూడా పట్టలేదు. దాన్ని మోయడానికి మాత్రం నా ఉద్యోగ జీవితమంతా పట్టింది. మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మ ఆఖరి రోజుల్లో ఆవిడ చేయి పట్టుకుని కూర్చున్నప్పుడు చెబుదామనుకున్నాను. ఆవిడకు అర్థం కాదులే అని సర్దిచెప్పుకున్నాను. నిజానికి బాగా అర్థమవుతుందనే భయపడ్డాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మధ్యలో తడబడితే కాస్త ఓపిక పట్టండి.

మాది గోదావరి వైపు. తొంభైల మొదట్లో ఉద్యోగం వచ్చి హైదరాబాదు చేరాను. గౌలిపురలో ఒక పాలవాళ్ల ఇంటి మేడ మీద అద్దెకుండేవాళ్లం. కింద గేదెలు, పైన మేము. పొద్దున్నే చాంద్రాయణగుట్ట బస్సెక్కి, అక్కణ్ణించి ఆఫీసు వ్యానులో వెళ్లేదాన్ని. మాదొక చిన్న పరిశోధనశాల. తరవాత మూసేశారు. ఇప్పుడు అక్కడ ఏవో ఇళ్లు లేచాయి.

అక్కడ మేం చేస్తున్నది రెక్కల్లేని విమానం. వినగానే అందరూ నవ్వేవారు. పెద్ద దోసకాయను నిలువునా కోసి, కోసిన వైపు పైకి పెట్టినట్టుండేది. పైన చదును, కింద బొజ్జ. వెనకాల తోకలాంటి రెండు నిలువు పలకలు, వాటి మధ్య పైకీ కిందికీ కదిలే మరో రెండు పలకలు. అంతే. రెక్కలు చేయాల్సిన పనిని ఒంటి ఆకారమే చేస్తుంది. అంతరిక్షం నుంచి తిరిగొచ్చే వాహనం గాలిలోకి దూసుకొచ్చేటప్పుడు పుట్టే వేడికి పల్చటి రెక్కలు తట్టుకోవడం కష్టం. అందుకని అసలు రెక్కలే లేకపోతే? ఆ ప్రశ్న పట్టుకుని కూర్చున్నాం మేము. మా నమూనా స్కూటరు కంటే కొంచెం పెద్దది. హెలికాప్టరు కింద వేలాడదీసి, పైకి తీసుకెళ్లి వదిలేసేవాళ్లం. మనిషి లోపల ఉండడు. కింద రన్‌వే పక్కన నిలబడి, చిన్న టీవీ తెర చూస్తూ, చేతిలోని స్టిక్‌తో ఒక మనిషి దాన్ని దింపాలి.

దానికి ఇంజను లేదు. రెండో అవకాశమూ లేదు. మామూలు విమానమైతే దిగడం కుదరకపోతే మళ్లీ లేచి ఒక చుట్టు తిరిగొస్తుంది. ఇది ఏటవాలుగా, దాదాపు రాయి పడ్డట్టు పడుతూ వేగం పుంజుకుంటుంది. నేల దగ్గరపడ్డాక సరిగ్గా ఒక క్షణంలో ముక్కు పైకెత్తాలి. ముందుగా ఎత్తితే గాలిలోనే వేగం చచ్చి కూలుతుంది. ఆలస్యమైతే నేలను గుద్దుకుంటుంది. ఆ క్షణం మొత్తం ఒక మనిషి చేతిలో ఉంటుంది.

ఆ మనిషి డేనియల్.

డేనియల్ కూడా నాలాగే ఇంజినీరు. వాళ్ల నాన్న రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు, ఇల్లు ఫలక్‌నుమాలో. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించేవాడు. వాయించేటప్పుడు వేళ్ల వైపు చూసేవాడు కాదు, పాడేవాళ్ల మొహాలు చూసేవాడు. నమూనాను దింపడానికి మాలో చాలామందిని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి పరీక్షించారు. మేమంతా దాన్ని ముక్కలు చేశాం, తెర మీదే కనక సరిపోయింది. డేనియల్ ఒక్కడే మళ్లీ మళ్లీ నున్నగా దింపాడు. మొదట్లో నన్ను మేడమనేవాడు. ఒక క్రిస్మస్‌కు వాళ్లింట్లో భోంచేశాక, వాళ్లావిడ సుగుణ నన్ను అక్కా అని పిలవడం విని, మరుసటి రోజు నుంచి తనూ అక్కా అన్నాడు. సుగుణ ఫలక్‌నుమాలోనే ఒక చిన్న బడిలో టీచరు. వాళ్ల పాప రూతు అప్పటికి నా ఒళ్లో పడుకునేంత పిల్ల.

ఇదంతా ఎందుకు చెబుతున్నాను? అసలు విషయం దగ్గరికి రావడానికి భయపడుతున్నాను కాబట్టి.

నా పని లెక్కలు. స్టిక్‌ను ఎంత లాగితే వెనక పలకలు ఎంత కదలాలో నిర్ణయించేది నేను. చివరికి అదొక అంకె. దాన్ని ఒక చిప్‌లోకి ఎక్కించి, నమూనా పొట్టలో ఉండే పెట్టెలో అమర్చేవాళ్లం. అంతకుముందు చేసిన ప్రయోగంలో నమూనా దిగుతున్నంతసేపూ ముక్కు పైకీ కిందికీ ఊగిపోయింది. డేనియల్ ఎలాగో అదుపు చేసి దింపాడు. అందరూ అతన్ని మెచ్చుకున్నారు. ఆ ఊగడానికి కారణం నా అంకె అని మా సెక్షన్ హెడ్ మీటింగులో అందరి ముందూ అన్నాడు. "ఇంట్లో పిల్లలతో తీరిక లేకపోతే చెప్పండమ్మా, ఈ పని ఇంకొకరికి ఇస్తాం" అన్నాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు నా చెవుల్లో చాలాకాలం ఉంది. కానీ దాన్ని అడ్డం పెట్టుకోను. నన్ను అవమానించింది అతను. నేను దెబ్బ కొట్టింది డేనియల్‌ను.

తరవాతి ప్రయోగం ముందు రోజు సాయంత్రం లెక్కలన్నీ మరోసారి చేశాను. ఆ అంకె తగ్గిస్తే ఊగడం ఆగుతుందని తేలింది. నిజమే, ఆగుతుంది. కానీ అంకె తగ్గితే స్టిక్‌ను అంతే లాగినా పలకలు తక్కువ కదులుతాయి. ముక్కు మునుపటంత లేవాలంటే ఇంకా ఎక్కువ లాగాలి. డేనియల్ వారాల తరబడి పాత అంకెతోనే సాధన చేశాడు. అతని చేతికి పాత అంకే తెలుసు. అంకె మారిస్తే అతనికి చెప్పాలి. మళ్లీ సాధన చేయనివ్వాలి. అంటే ప్రయోగం వాయిదా పడాలి. వాయిదా ఎందుకని హెడ్ అడుగుతాడు. ఆఖరి నిమిషం దాకా లెక్కలు సరిచేసుకుంటూనే ఉన్నానని మళ్లీ మీటింగులో అంటాడు.

కొత్త చిప్ తయారు చేశాను. పొద్దున రన్‌వే దగ్గర, పెట్టె మూసేముందు, ఎవరూ చూడకుండా మార్చాను.

డేనియల్‌కు చెప్పడం మరిచిపోయానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అతను వేరే జీపులో వచ్చాడు, హెలికాప్టరు అనుకున్నదానికంటే ముందే సిద్ధమైంది, గాలి లేచేలోపు ముగించాలని హెడ్ తొందరపెట్టాడు, నేను రన్‌వే పక్కనున్న నా క్యాబిన్‌లో తెరల ముందు చిక్కుకుపోయాను. ఇవన్నీ నిజాలే. కానీ నా చెవులకు హెడ్‌ఫోన్ ఉంది. డేనియల్ చెవులకూ ఉంది. మాట్లాడే మీట నొక్కితే చాలు. నొక్కబోయాను కూడా. మీట మీద వేలు పెట్టిన సంగతి నాకు ఇప్పటికీ గుర్తుంది. దిగేటప్పుడు అతనికే తెలిసిపోతుంది, అంత నేర్పున్నవాడు సర్దుకుంటాడు అనుకున్నాను. వేలు తీసేశాను. మరిచిపోయిన మనిషి మీట మీద వేలు పెడుతుందా?

వదిలారు. నమూనా హెలికాప్టరు నుంచి విడివడి ముక్కు దించింది. ఊగలేదు. గీత గీసినట్టు, తిన్నగా, హాయిగా దిగుతోంది. క్యాబిన్‌లో నా వెనక నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు. హెడ్ "శభాష్" అన్నాడు. ఆ కాసేపు నేను గర్వపడ్డాను. ఇది చెప్పడానికే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది. అక్కడ బయట ఒక మనిషి తెలియని స్టిక్ పట్టుకుని నిలబడి ఉంటే, నేను లోపల గర్వపడ్డాను.

నేల దగ్గరపడింది. ముక్కు లేవాలి. కొద్దిగా లేచింది. అంతే, కొద్దిగానే. బొజ్జ నేలను గుద్దింది. మొదట దుమ్ము కనిపించింది, తరవాత చప్పుడు వినిపించింది. నమూనా ఎగిరి, తిరగబడి, రన్‌వే పక్కన ముళ్లపొదల్లో ముక్కలై పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ మాట అందరూ పదే పదే అన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు కదా అని.

మొదట పరిగెత్తింది నేనే. నమూనా కోసమని అనుకున్నారు. నేను పెట్టె కోసం పరిగెత్తాను. మూత ఊడిపోయి ఉంది. చిప్ లాగి గుప్పిట్లో దాచుకున్నాను. పెట్టెను పక్కనున్న షెడ్డులోకి మోసుకెళ్లి, మిగతావాళ్లు వచ్చేలోపు నా దగ్గరే ఉన్న పాత చిప్ పెట్టేశాను. ఇది తొందరలో జరిగిన పొరపాటు కాదు. సాయంత్రం ఆఫీసు వ్యాను దిగాక కొత్త చిప్‌ను చెప్పు మడమ కింద తొక్కి, చాంద్రాయణగుట్ట చౌరస్తాలో చెత్తకుప్ప మీద పడేశాను. ఇంటికెళ్లి పిల్లలకు అన్నం కలిపి పెట్టాను.

మరుసటి రోజు మధ్యాహ్నం డేనియల్ నన్ను చౌరస్తా దగ్గరున్న ఇరానీ హోటలుకు రమ్మన్నాడు. రెండు చాయ్‌లు చెప్పి, తనది తాగకుండా పక్కకు జరిపాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అక్కా, ఒకటడుగుత. దిగేటప్పుడు మస్తు మెత్తగ ఉండె. పోయినసారి తీరుగ దుంకలే, ఎగరలే. నాకు మంచిగనే అనిపిచ్చింది. గనీ కింద, రోజు ఎంత గుంజుతనో గంతే గుంజిన. ముక్కు లేవలే. మల్ల గుంజిన, అప్పటికే అయిపోయింది. నువ్వేమన్న మార్చినవా?"

"ఏమీ మార్చలేదు" అన్నాను.

"ఏం మార్చలే?"

"లేదు డేనియల్. పాతదే."

అతను తల ఊపాడు. నా మాటను అనుమానించలేదు. ఒక్క క్షణమైనా అనుమానించి ఉంటే, నా మొహంలోకి ఇంకాసేపు చూసి ఉంటే, నేను చెప్పేసేదాన్నేమో. చెప్పేదాన్నా? తెలియదు. అతను బల్ల మీద పెట్టిన తన కుడిచేతి వైపు చూసుకున్నాడు.

"గట్లయితే నేనే ఆగమైన. నా చెయ్యే లేటయింది." నా కప్పు నా వైపు జరిపాడు. "నువ్వు ఫికర్ జెయ్యకు అక్కా. నీ లెక్క మంచిగున్నది, అందరు జూసిండ్రు. కమిటీ ముంగట నేనే చెప్త, తప్పు నాదని."

నేను చాయ్ తాగాను. తాగాను, అవును.

నమూనా ఎందుకు కూలిందో తేల్చడానికి కమిటీ కూర్చుంది. నేల దగ్గరపడ్డాక సంకేతాలు తెగిపోయాయి కనక ఆఖరి క్షణాల వివరాలు లేవు. అంతకుముందు యంత్రం కాగితం మీద గీసిన గీతలను చదివి చెప్పాల్సింది నేనే. స్టిక్‌కూ పలకలకూ మధ్య తేడా అందులో కనిపిస్తూనే ఉంది, చూసే కళ్లుంటే. అది కొలత పరికరం లోపమని చెప్పాను. ఒప్పుకున్నారు. డేనియల్ లేచి నిలబడి, తన స్పందన ఆలస్యమైందని తనే చెప్పాడు. ఇంత నిజాయితీగా ఒప్పుకున్న మనిషిని శిక్షించకూడదని కమిటీ పెద్ద అన్నాడు. శిక్షించలేదు. కేబుళ్లు పరీక్షించే విభాగానికి మార్చారు. కొన్నాళ్లకు మా ప్రాజెక్టే ఆగిపోయింది. నన్ను ఇంకో పెద్ద పరిశోధనశాలకు తీసుకున్నారు. ప్రయోగం విఫలమైనా నియంత్రణ లెక్కలు చక్కగా ఉన్నాయని నా గురించి రాశారు. పైకి వెళ్లాను. ఇంకా పైకి వెళ్లాను.

డేనియల్‌ను శిక్షించలేదన్నాను కదా. అతనే శిక్షించుకున్నాడు.

ముందు స్కూటరు మానేశాడు. రూతును వెనక కూర్చోబెట్టుకుని వెళ్తుంటే బ్రేకు సమయానికి పడుతుందో లేదోనని భయమట. బస్సుల్లో తిరిగేవాడు. తరవాత చర్చిలో కీబోర్డు మానేశాడు. పాటకు చేయి వెనకబడుతోందని అన్నాడట. వెనకబడలేదని అందరూ చెప్పారు. వినలేదు. తన నరాల్లో ఏదో జబ్బు ఉందని నమ్మడం మొదలుపెట్టాడు. సుగుణ నాకు ఫోన్ చేసి, "అక్కా, నువ్వన్న చెప్పరాదు, నీ మాట ఇంటడు" అంది.

నేను వెళ్లాను. చెప్పడానికి కాదు, ఆసుపత్రికి తోడుగా వెళ్లాను. మీకు ఇది నమ్మబుద్ధి కాకపోవచ్చు. నరాల డాక్టరు గది బయట బల్ల మీద అతని పక్కన కూర్చున్నాను. లోపల అతని చేతికి తీగలు తగిలించి, కరెంటు పెట్టి పరీక్షించారు. నొప్పికి మూలిగితే బయటికి వినిపించింది. ఏ రోగమూ లేదని, నరాలన్నీ బాగున్నాయని డాక్టరు చెప్పాడు. సుగుణ కళ్లు తుడుచుకుని నవ్వింది. డేనియల్ నవ్వలేదు. చేతిలో జబ్బు లేకపోతే లోపం తనలోనే ఉందన్నమాట, అలా అర్థం చేసుకున్నాడు. జబ్బయితే మందుండేది. ఆ బల్ల మీద కూర్చుని నేను ఒక్క వాక్యం చెబితే అతను స్కూటరెక్కి ఇంటికి వెళ్లేవాడు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఇన్నేళ్లుగా అడుగుతూనే ఉన్నాను. ఉద్యోగం పోతుందనా? పరువు పోతుందనా? అవీ ఉన్నాయి. కానీ అప్పటికి అంతకంటే పెద్ద భయం ఒకటి పుట్టింది. ఇంతకాలం ఎందుకు చెప్పలేదని అతను అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు లేక, ఇంకొంత కాలం చెప్పలేదు. అలా ఆలస్యమే ఆలస్యానికి కారణమైంది.

ఫలక్‌నుమాకు లోకల్ రైళ్లు మొదలైన కొన్నేళ్లకు డేనియల్ గుండెపోటుతో పోయాడు. యాభై కూడా నిండలేదు. చర్చిలో శవపేటికకు అటువైపు సుగుణ, రూతు నిలబడ్డారు. నన్ను చూసి సుగుణ దగ్గరికొచ్చి నా భుజం మీద తల పెట్టింది. "ఆఫీసుల అందరు తలొక మాటన్నరు అక్కా. నువ్వొక్కదానివే ఒక్క మాటనలేదని గాయన ఎప్పుడు చెప్తుండె" అంది.

ఆ మాటతో నేను ఇంటికి వెళ్లాను. అన్నం తినలేకపోయాను. కొన్ని వారాలు ఎలాగో గడిచాయి. ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాను.

సుగుణ బియ్యం ఏరుతోంది. కూర్చోమంది, నీళ్లిచ్చింది. నీళ్లు తాగలేదు. నిలబడే చెప్పాను. అంకె, చిప్, మీట, పెట్టె, ఇరానీ హోటలు, ఆసుపత్రి. వరసగా చెప్పాను. ఏదీ తగ్గించలేదు. ఆవిడ చేతులు చేట మీద ఆగిపోయాయి. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. చేట పక్కన పెట్టింది. తరవాత అడిగింది.

"మల్ల చెప్పు. గాయన చెయ్యి లేటయిందా?"

"లేదు."

"సరిగ గుంజిండా?"

"సరిగ్గానే లాగాడు. రోజూ ఎలా లాగేవాడో అలాగే."

"మల్ల చెప్పు."

మళ్లీ చెప్పాను. ఆవిడ లేచి, లోపలి గది వైపు తిరిగి పిలిచింది. రూతు వచ్చింది. డిగ్రీ చదువుతోంది అప్పటికి, తండ్రి పోలికే. "మీ డాడీ గురించి ఈమె ఒకటి చెప్తది. ఇను" అంది సుగుణ.

ఆ పిల్ల ముందు మొత్తం మళ్లీ చెప్పాను. రూతు నా మొహం వైపు చూడలేదు. మధ్యలో ఒకచోట గోడకు చేయి ఆనించింది, అంతే. చెప్పడం అయిపోయాక గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. సుగుణ వీధి తలుపు దాకా వచ్చింది. ఎప్పుడూ నువ్వనే పిలిచిన మనిషి, "మీరు ఇగ పోండ్రి. మల్ల రాకుండ్రి" అంది. గొంతు పెంచలేదు.

ఫలక్‌నుమా స్టేషన్‌లో కూర్చున్నాను. రైలు వచ్చి వెళ్లింది, ఇంకొకటి వచ్చి వెళ్లింది. ఏడుపు రాలేదు. తేలికైందా అని మీరడిగితే, కొంచెం అయింది. ఆ కొంచెం కూడా నాకు దక్కడం న్యాయమేనా అని అనుమానం. నేను దించుకున్న బరువు ఆ ఇంట్లో ఇద్దరు ఎత్తుకున్నారు కదా. చెప్పకుండా చచ్చిపోతే బాగుండేదా? కాదు. రూతు తన తండ్రి చేతుల గురించి తప్పుగా తెలుసుకుని బతకకూడదు. అది ఒక్కటీ నాకు గట్టిగా తెలుసు. మిగతా ఏదీ గట్టిగా తెలియదు. నా పేరు ఇక్కడ రాయలేకపోతున్నాను, ఆ పిరికితనం ఇంకా పోలేదు. కానీ జరిగింది రాస్తున్నాను. ఆ రోజు అంకె మార్చింది నేను. అతనికి చెప్పలేదు. అతను అడిగినప్పుడు మార్చలేదన్నాను. డేనియల్ సరైన సమయానికే లాగాడు.